వీపుల ఆల్బమ్

మా ఊళ్లో ఉన్నది ఒకే ఒక్క ఫోటో స్టూడియో. దాన్ని నడిపే ఆవిడకి ఊరు పెట్టిన పేరు గడ్డందించు. స్టూలు మీద కూర్చున్న ప్రతి మనిషితోనూ ఆవిడ అనే మొదటి మాట "గడ్డం కొంచెం దించండి" అని. పెళ్లికూతురైనా అంతే, పోలీసాయనైనా అంతే. ఆ పేరు ఆవిడ ఎదుట అనే ధైర్యం మాత్రం ఎవరికీ లేదు. ఊళ్లో అందరి మొహాలూ ఆవిడ కంప్యూటర్లో ఉన్నాయి, బాగా పడనివి కూడా.

నేను పశువుల ఆసుపత్రిలో ముప్పై అయిదేళ్లు కాంపౌండరుగా చేసి ఈమధ్యే రిటైరయ్యాను. ఆవులకీ గొర్రెలకీ సూదులు గుచ్చిన చెయ్యి ఇది, సుతిమెత్తగా రాయమంటే నా వల్ల కాదు. అయినా ఆవిడ గురించి ఎవరో ఒకరు రాయాలి. జరిగినదాంట్లో సగం తప్పు నాది కాబట్టి నేనే రాస్తున్నాను.

స్టూడియో అంటే రెండు గదులు. ముందు గదిలో కౌంటరు, వీధిలోకి కనబడే అద్దాల బీరువా. తెర తీసి లోపలికెళితే స్టూలు, రెండు గొడుగు లైట్లు, మూడు వెనక పరదాలు. ఒకటి నీలం, ఒకటి తెలుపు, మూడోది ఎవరూ అడగని పూలతోట. అద్దం పక్కన దారంతో కట్టిన దువ్వెన. మేకుకి ఒక నల్లకోటు. ఉద్యోగం దరఖాస్తుకని వచ్చినవాళ్లకి ఆ కోటు తొడిగి, వదులైతే వెనక క్లిప్పులు పెడుతుంది. ఈ చుట్టుపక్కల కొలువులు చేస్తున్న సగం మంది కాగితాల మీద ఒకే కోటులో ఉన్నారు.

మేడ మీద ఆవిడ పిన్ని ఉంటుంది. తల్లి చనిపోతే ఆరేళ్లప్పటి నుంచి పెంచింది ఆమే. ఇప్పుడు డెబ్భై దాటాయి. మధ్యాహ్నాలు కిందికొచ్చి కౌంటరు పక్కన అల్లిక పట్టుకుని కూర్చుంటుంది, వచ్చినవాళ్లని వేళాకోళం చేస్తుంది. "ఏం బాబూ, ఈ ఫోటో చూసే ఉద్యోగం ఇస్తారంటావా?" అంటుంది. నలభై ఆరేళ్ల కూతురు పెళ్లెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే మాత్రం ఆ నోరు ఠక్కున మూతపడుతుంది. కూతురనే అంటుంది, అక్క కూతురని ఎన్నడూ అనలేదు.

ఇక అసలు సంగతి. ఆవిడ ఆడవాళ్లని ప్రేమించే ఆడమనిషి. నేను మగవాళ్లని ప్రేమించే మగవాణ్ణి. బేకరీ నడిపే ఇద్దరు పెద్దమనుషులు లోకం దృష్టిలో వ్యాపార భాగస్వాములు, ఇంట్లో పాతికేళ్ల సంసారం. పదేళ్ల కిందట మేం నలుగురం ఆ బేకరీ వెనక పిండి బస్తాల మీద కూర్చుని, మనలాంటివాళ్లు చుట్టుపక్కల ఇంకా ఉండే ఉంటారు, ఏడాదికోసారైనా కలుద్దాం అనుకున్నాం. కోతలు అయిపోయాక రోడ్డు పక్క ధాన్యం గోడౌను ఖాళీగా ఉంటుంది. దాన్ని ఒక ఆదివారం అడిగి తీసుకున్నాం. ఏ పేరు మీద తీసుకోవాలో తెలియక బేకరీ పెద్దాయన నోటికొచ్చినట్టు "తేనెటీగల పెంపకందార్ల సంఘం" అని రాయించాడు.

దాంతో చచ్చాం. గోడౌను వాచ్‌మన్ ఆ ఏడు నుంచీ తేనె అడగడం మొదలుపెట్టాడు. ప్రతి ఏడూ పక్క ఊళ్లో తేనె సీసా కొని, చీటీ పీకేసి, మా సొంత తేనె అని అతని చేతిలో పెట్టేవాళ్లం. మూడో ఏడు ఎవరో రైతు నిజంగానే తన తేనెటీగలు లేచిపోతున్నాయని సలహా అడగడానికి వచ్చాడు. పశువుల కాంపౌండర్ని కదా అని అందరూ నన్ను ముందుకి తోశారు. గంటసేపు ఏం వాగానో నాకే తెలియదు. ఆయన మాత్రం దణ్ణం పెట్టి వెళ్లాడు.

మొదటి ఏడే ఆవిడ కెమెరా తెచ్చింది. నేను మండిపడ్డాను. ఇరవై రెండేళ్లప్పుడు సంతలో నా స్నేహితుడి భుజం మీద చెయ్యేసి తీయించుకున్న ఒకే ఒక్క ఫోటో మా నాన్న చేతిలో పడింది. ఆ సాయంత్రమే ఒక సంచీతో ఇల్లు విడిచాను. మళ్లీ ఆ గడప తొక్కలేదు. అంచేత ఫోటో అంటే నాకు పామే.

"మనం కలిశామని ఒక్క గుర్తయినా ఉండొద్దా అన్నా?" అంది ఆవిడ.

"గుర్తు కావాలంటే వీపులు తియ్యి. మొహాలు మాత్రం వద్దు," అన్నాను విసురుగా.

నేను కోపంలో అన్నమాటే మా సంఘానికి నియమమైంది. ఏటా సమావేశం చివర అందరం గోడ వైపు తిరిగి నిలబడతాం, ఆవిడ మా వీపులు తీస్తుంది. నలుగురు పన్నెండు మందయ్యారు, పన్నెండు ఇరవయ్యారు. ట్రాక్టరు మెకానిక్కు, బడిలో లెక్కల టీచరు, మగపిల్లాడిగా పుట్టి ఇప్పుడు ఆడమనిషిగా బట్టలు కుట్టుకుని బతుకుతున్న దర్జీ అక్క, ఇలా ఒక్కొక్కరే వచ్చి చేరారు. తొమ్మిదేళ్లలో తొమ్మిది ఫోటోలు. వరసగా అంటించిన ఆ ఆల్బమ్‌లో ఒక్క మొహమూ లేదు.

రెండో ఏడు పోస్టాఫీసులో పనిచేసే ఒకావిడ వచ్చింది. నలభై మైళ్ల అవతల చిన్న పోస్టాఫీసు, అన్నావదినల ఇంట్లో కాపురం. అందరం పోస్టమ్మ అనేవాళ్లం. నెమ్మదైన మనిషి. నవ్వితే ముందు కళ్లు నవ్వి తర్వాత నోరు నవ్వుతుంది. ఆవిడ ఊరికి తిరిగి వెళ్లే బస్సు ఒక్కటే, నాలుగింటికి. ఆ రోజు నాలుగు దాకా వాళ్లిద్దరూ గోడౌను మెట్ల మీద కూర్చుని ఏం మాట్లాడుకున్నారో నేను వినలేదు. ఆ తర్వాత వారానికో ఉత్తరం స్టూడియోకి రావడం మొదలైంది.

ఫోన్లో మాట్లాడుకోవచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. పోస్టమ్మ ఫోను ఇంటిల్లిపాదిదీ, అందులో మేనకోడళ్లు ఆటలాడతారు. ఉత్తరం మాత్రం ఆవిడ చేతిలోనిది. తను రాసిన ఉత్తరానికి తనే ముద్ర కొట్టి, తనే సంచిలో వేసి పంపే అదృష్టం ఎంతమందికి ఉంటుంది! మిగతా పోస్టాఫీసుల ముద్రలు ఎలుక తొక్కినట్టుంటాయి. ఆ కవర్ల మీద ముద్ర మాత్రం గుండ్రంగా, తేదీతో సహా అచ్చు గుద్దినట్టుండేది. గడ్డందించు ఆ కవర్లలో ఒక్కటీ పారేయలేదు.

ఇదంతా నాకు తెలిసింది రిటైర్మెంటు కాగితాలకి ఫోటో దిగడానికి వెళ్లినప్పుడు. నా గడ్డం దించమని చెప్పి, ఫోటో తీసి, ప్రింటు వచ్చేలోపు చూస్తూ ఉండమని ఆల్బమ్ ఇచ్చింది. తిరగేస్తుంటే ఒక సంగతి కంటబడింది. రెండో ఏడు నుంచి ప్రతి ఫోటోలోనూ సరిగ్గా నడిమధ్యన ఉన్నది ఒకే జడ, ఒకే నీలం స్వెటరు. జనం పెరిగినా, వరసలు మారినా కెమెరా మాత్రం ఆ వీపు ఎదుటే నిలబడింది.

"ఇదేంటమ్మాయ్?" అన్నాను.

ఆవిడ దాచలేదు. స్టూలు మీద కూర్చుంది. "పొద్దున లేస్తే ఊరందరి మొహాలూ తీస్తాను అన్నా. ఆమె మొహం ఒక్కటి లేదు నా దగ్గర. ఏడాదికో రోజు చూస్తాను. మూణ్ణెల్లకి ముక్కు గుర్తుండదు, ఆర్నెల్లకి కళ్లు చెదిరిపోతాయి. వీపు మాత్రం అర్ధరాత్రి లేపినా గీస్తాను."

"అడిగి ఒకటి తీసుకోలేకపోయావా?"

"నియమం ఉందిగా," అంది, నావైపు చూడకుండా. "ఆమెకీ భయమే. ఫోటో అంటూ ఉంటే ఎప్పటికైనా తేలుతుందంటుంది." నా చేతిలోని ఆల్బమ్ మూసి, "ఇద్దరం పక్కపక్కన. ఒక్కటంటే ఒక్కటి. అంతకంటే ఏమీ వద్దు నాకు. ఆమెకి బదిలీ అయింది అన్నా, ఈ ఏటి సమావేశం అయ్యాక వెళ్లిపోతుంది. మూడు రోజుల ప్రయాణం. వచ్చే ఏడు ఇక రావడం కుదరదు," అంది.

నా పాత పుండు కోసం ఇంతమందిని గోడ వైపు తిప్పి నిలబెట్టానని అప్పుడు తట్టింది. తట్టినా ఏం చెయ్యను? ప్రింటు తీసుకుని ఇంటికొచ్చేశాను. ఆ ఫోటోలో నా మొహం దొంగలా ఉంది.

ఆ నెలలోనే బేకరీ పెద్దాయనకి కడుపులో పుండు పగిలి పెద్దాసుపత్రిలో చేర్చారు. ఇద్దరిలో చిన్నాయన్ని లోపలికి రానివ్వలేదు. చీటీలో రోగికి ఏమవుతారు అన్నచోట 'భాగస్వామి' అని రాశాడు. "ఏ వ్యాపారంలో?" అని అడిగారు. బేకరీ అన్నాడు పాపం, అబద్ధం కాదుగా. అయితే బంధువులు కారు, బయట కూర్చోండి అన్నారు. ఆరు రోజులు వరండా బల్ల మీద కూర్చున్నాడు. పాతికేళ్లుగా పలకరింపైనా లేని తమ్ముడొకడు వచ్చి సంతకం పెడితే ఆపరేషను చేశారు. పెద్దాయన బతికాడు. చిన్నాయన మాత్రం మునుపటిలా నవ్వడం లేదు.

అప్పుడు రాశాం అర్జీ. జబ్బు చేస్తే పక్కన కూర్చునే హక్కు, సంతకం పెట్టే హక్కు, ఇల్లు అద్దెకడిగితే మొహాన తలుపు వేయించుకోకుండా ఉండే హక్కు. జిల్లా ఆఫీసుకి పట్టుకెళితే అక్కడి ఆఫీసరు మర్యాదగానే చదివాడు. "పట్నాల్లో అయితే సరే. ఈ పల్లెల్లో మీలాంటివాళ్లు ఎంతమందుంటారండీ? నలుగురా, అయిదుగురా?" అన్నాడు. ఆల్బమ్ తీసి చూపించాం. పేజీలు తిప్పి, "ఇవి ఎవరి వీపులైనా కావచ్చుగా," అన్నాడు. ఆ మాటకి ఒళ్లు మండింది కానీ, కాదనడానికేం ఉంది?

ఈసారి గోడౌను మా పేరు మీదే తీసుకున్నాం. సమాన హక్కుల సంఘం అని చిన్నాయన చెక్క బోర్డు మీద తెల్లరంగుతో రాసి గుమ్మానికి కట్టాడు. వాచ్‌మన్ దాన్ని కూడబలుక్కుని చదివాడు. "అయితే ఈసారి తేనె లేదా?" అన్నాడు. ఎందుకైనా మంచిదని తెచ్చిన సీసా అతని చేతిలో పెట్టాం.

ముప్పై ఒక్కమంది వచ్చారు. మధ్యాహ్నం నుంచి వాన పట్టుకుంది. రేకుల కప్పు మీద ఆ చప్పుడుకి పక్కవాడి మాట వినబడాలంటే అరవాల్సిందే. మూడున్నరకి నేను లేచి నిలబడి, గొంతు చించుకుని చెప్పాను. "వీపుల నియమం పెట్టింది నేను. తీసేస్తున్నదీ నేనే. అర్జీకి మొహాలు కావాలి. ఇష్టమున్నవాళ్లు ఇటు తిరగండి. లేనివాళ్లు పక్కన కూర్చోండి, ఎవరూ ఏమీ అనుకోరు. నేను తిరుగుతున్నాను." అని తిరిగాను. యాభై ఎనిమిదేళ్ల వయసులో.

బేకరీ ఇద్దరూ చేతులు పట్టుకుని వచ్చారు. దర్జీ అక్క జుట్టు సర్దుకుంటూ వచ్చింది. మెకానిక్కు వచ్చాడు, టీచరు రానంది. అలా పద్దెనిమిది మందిమి చేరాం. గడ్డందించు స్టాండు మీద కెమెరా బిగిస్తూ ఎవరి వైపూ చూడడం లేదు, ఎవరి కోసం చూడడం లేదో నాకు తెలుసు. పోస్టమ్మ వెనక బెంచీ మీద సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. బస్సు వేళవుతోంది.

"ఇంకెవరైనా ఉన్నారా?" అంది గడ్డందించు.

పోస్టమ్మ లేచింది. సంచీ బెంచీ మీద పెట్టి వచ్చి నా పక్కన నిలబడింది. "నేను దిగుతాను. కానీ ఆవిడ కూడా ఇటు రావాలి. తొమ్మిదేళ్ల ఫోటోల్లో ఆవిడ వీపైనా లేదు," అంది అందరికీ వినబడేలా.

అందరం గోల చేశాం, రావాలి రావాలని. కెమెరా ఎవరు నొక్కుతారు? వాచ్‌మన్ చెయ్యి చాపాడు, చేతినిండా తేనె. గడ్డందించు కెమెరాని దాటి ఒక్క క్షణం పోస్టమ్మని చూసింది. తర్వాత ఏదో మీట తిప్పింది, నొక్కింది, పరుగెత్తింది. పోస్టమ్మ చెయ్యి చాపి, "రా" అంది. ఎనిమిదేళ్లుగా ఒకరినొకరు మీరు అని పిలుచుకున్న మనుషులు. పక్కనున్నాను కాబట్టి నాకు వినబడింది.

వచ్చి నిలబడింది. వాళ్ల చేతులు కలిసే ఉన్నాయి. ఇరవైమందిమీ బిగుసుకుపోయి కెమెరా కళ్లలోకి చూస్తున్నాం. పది సెకన్లలో దానంతటదే తీస్తుందంది. వానలో క్లిక్కు వినబడుతుందా? టైమరు నడిచేటప్పుడు ఎర్రలైటు వెలగాలి, కానీ జనం దాన్నే గుడ్లప్పగించి చూస్తారని ఆవిడ ఎప్పుడో దాని మీద నల్లటేపు అంటించేసింది. పది అయ్యాయి, ఇరవై అయ్యాయి. పడిందో లేదో తెలియక ఎవరూ కదల్లేదు. నేను ఓరకంట చూశాను. గడ్డందించు కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి, అయినా మొహం నిండా నవ్వే. పోస్టమ్మ బొటనవేలు ఆవిడ చేతి మీద మెల్లగా కదులుతోంది. తీయించుకోవాల్సిన ఫోటో అంటే అదే. నా రెండు కళ్లతో చూశాను.

బస్సు హారను మోగింది. ఆ డ్రైవరు కన్నతండ్రి కోసం కూడా ఆగడు. పోస్టమ్మ సంచీ అందుకుని వానలో పరుగెత్తింది. మెట్ల దగ్గర ఒకసారి వెనక్కి తిరిగింది, అంతే.

మర్నాడు స్టూడియోకి వెళ్లేసరికి గడ్డందించు కంప్యూటరు ముందు కూర్చుని ఉంది. వెలుతురు తక్కువున్న ఆ గోడౌనులో చెయ్యి తగిలి కెమెరా అదరకూడదని, ఇన్నేళ్లూ టైమరు రెండు సెకన్లకి పెట్టి వీపులు తీసేది. అలవాటుపడ్డ వేలు నిన్న కూడా రెండుకే తిప్పింది. మేం బిగుసుకుని నిలబడ్డదంతా అయిపోయిన ఫోటో కోసమే.

ఫోటోలో పంతొమ్మిది మొహాలున్నాయి. ముందు, సగం దారిలో, గాల్లోకి లేచిన ఒక కాలు, చెదిరిన జుట్టు, ఒక వీపు. అది ఫోటోగ్రాఫరుది.

"ఇంకోటి తీసి ఉండాల్సింది," అంది. "ఇంకోటి తీసి ఉండాల్సింది అన్నా." ఎన్నిసార్లందో లెక్కలేదు. చిన్నపిల్లలా ఏడ్చింది. నా నియమం, నా భయం, నా పిచ్చిమాట. నేను కూడా ఏడ్చాను, దాచేదేముంది.

అర్జీకి ఆ ఫోటోనే జతచేశాం. పరిశీలనలో ఉందని జవాబొచ్చింది. ఆర్నెల్లుగా పరిశీలిస్తూనే ఉన్నారు, మేమూ నెలకోసారి వెళ్లి బల్ల ముందు నిలబడి గుర్తుచేస్తూనే ఉన్నాం. మేం వస్తుంటే ఆఫీసరు ఇప్పుడు కుర్చీలు వేయిస్తున్నాడు. పోస్టమ్మ వెళ్లిపోయింది. ఉత్తరాలు వస్తున్నాయి, వారం ఆలస్యంగా, కొత్త ఊరి పేరుతో అదే గుండ్రటి ముద్ర.

పోయిన గురువారం నేను వెళ్లేసరికి వీధి బీరువాలో పెళ్లికూతురి ఫోటో తీసేసి ఈ ఫోటో పెట్టి ఉంది. పెద్దది చేసి, చట్రం కట్టించి. వీధంతా చూసేలా నా మొహం కూడా అందులో ఉంది. పిన్ని అల్లిక పక్కన పెట్టి, కళ్లజోడు సర్దుకుని, అద్దానికి ముక్కు ఆనించి చూస్తోంది.

"ఈ వీపు నేను రుద్దిందే," అంది. "పదేళ్లొచ్చేదాకా రోజూ రుద్దాను. నన్నెవరు మాయ చేస్తారు?" వేలు అద్దం మీద కొంచెం జరిగింది. "అందరూ కెమెరాని చూస్తుంటే ఈ నీలం స్వెటరావిడ నిన్ను చూస్తోందేమే? గడ్డం కూడా పైకెత్తింది. దించమనలేదా?"

"అనలేదు పిన్నీ. అనను," అంది గడ్డందించు కౌంటరు వెనకనుంచి.

పిన్ని చాలాసేపు చూసింది. వీధిలో ఇద్దరు ఆగి వాళ్లూ చూసి వెళ్లారు. నేను టీ గ్లాసు చేత్తో పట్టుకుని తాగడం మరిచిపోయాను.

"నోరు తెరిచింది. ఏదో అంటోంది. ఏమంటోందే?"

గడ్డందించు కౌంటరు పట్టుకుని నిలబడింది. నలభై ఏళ్లుగా ఆ ఇంట్లో ఎవరూ అడగనిదీ, ఎవరూ చెప్పనిదీ అది.

"రా అంటోంది పిన్నీ."

"మరి వెళ్లవేం?" అంది పిన్ని.